ఊళ్లు ఖాళీ అయ్యాక మిగిలిన దారులు

మిషెలిన్ కంపెనీ అచ్చువేసే ఫ్రాన్స్ రోడ్ల పటంలో పెద్ద రహదారికి ఎర్రరంగు, దాని తర్వాతి స్థాయికి పసుపు, ఊరికీ ఊరికీ మధ్య నడిచే చిన్న దారికి తెలుపు. కారువాళ్లకు ఎరుపు కావాలి. సైకిలు మీద దేశం చూడాలనుకునేవాళ్ల వేలు తెల్లగీతల వెంట కదులుతుంది. లిముజేన్‌లోనో, మొర్వాన్‌లోనో, ఒబ్రాక్ పీఠభూమి మీదనో ఆ తెల్లగీత పట్టుకుని గంటసేపు తొక్కితే ఎదురయ్యేవి ఒక ట్రాక్టరు, ఒక పసుప్పచ్చ పోస్టువ్యాను, కంచె అవతల నెమరేసే ఆవులు. అయినా అది మట్టిదారి కాదు. తారు ఉంటుంది, కల్వర్టు ఉంటుంది, కూడలిలో ఊరి పేరు చెప్పే బోర్డు ఉంటుంది. ఇంత తక్కువమందికి ఇంత మంచి రోడ్డు ఎందుకు వేశారన్న అనుమానం మనకు రావాలి. వేసినప్పుడు ఆ ఊళ్ల నిండా జనం ఉన్నారు. తర్వాత జనం వెళ్లిపోయారు, రోడ్డు ఉండిపోయింది. ఫ్రెంచి పల్లెదారుల ప్రశాంతతను పొగిడే ప్రయాణ వ్యాసాలు చాలావరకు ఈ సంగతి దాటేస్తాయి.

లెక్క చూస్తే ఆశ్చర్యం ఇంకా పెరుగుతుంది. ఫ్రాన్స్‌లో రోడ్ల మొత్తం పొడవు 10 లక్షల కిలోమీటర్ల పైమాట. అందులో మోటార్‌వేలు, జాతీయ రహదారులు కలిపినా 20 వేల పైచిలుకే. మన జిల్లాల్లాంటి డిపార్ట్‌మెంట్ల చేతిలో 3.8 లక్షల కిలోమీటర్ల దాకా ఉన్నాయి. మిగిలిన దాదాపు 7 లక్షల కిలోమీటర్లు కమ్యూన్లవి. కమ్యూన్ అంటే మేయరున్న పంచాయతీ అనుకోవచ్చు. దేశంలో అవి 35 వేల దాకా ఉన్నాయి. రెండు మూడు వందలమంది ఉండే ఊరికి కూడా ఒక మేయరు, ఒక కార్యాలయం, తన బాధ్యతగా కొన్ని కిలోమీటర్ల తారు.

మొదట వచ్చినవి ఎర్రగీతలు. 1716లో వంతెనలు, రహదారుల ఇంజినీర్ల దళం ఏర్పడింది. 1747లో వాళ్లకు పారిస్‌లో ప్రత్యేకంగా ఒక పాఠశాల వచ్చింది. డిజైను వాళ్లది, చెమట రైతులది. రాజు ఖజానా చూసే ఫిలిబెర్ ఒర్రీ 1738లో రహదారి వెట్టిని దేశంలో చాలా భాగానికి వర్తింపజేశాడు. రోడ్డుకు దగ్గరలో ఉన్న పాపానికి ఊరివాళ్లు తమ ఎడ్లతో, బండ్లతో ఏడాదిలో కొన్ని రోజులు కూలి లేకుండా రాళ్లు మోయాలి, గుంటలు పూడ్చాలి. ప్రభువులకూ మతాచార్యులకూ మినహాయింపు. 1776లో మంత్రి తుర్గో దాన్ని రద్దు చేశాడు; ఆయన పదవి పోగానే వెట్టి తిరిగి వచ్చింది; పూర్తిగా పోయింది 1787లో. సరిగ్గా ఆ ఏడాదే ఫ్రాన్స్ పర్యటన మొదలుపెట్టిన ఇంగ్లండు వ్యవసాయ రచయిత ఆర్థర్ యంగ్ ఆ రోడ్ల నాణ్యతకు ముగ్ధుడయ్యాడు, వాటి మీద బండ్లు ఎంత తక్కువ తిరుగుతున్నాయో చూసి విస్తుపోయాడు. అంటే రాజమార్గాలే అప్పట్లో ఖాళీగా ఉండేవి. ఊరిదారుల్లో బురద, బండిగాళ్ల తిట్లు, పశువుల మంద.

తెల్లగీతల పుట్టుక 1836 మే 21 నాటి చట్టంలో ఉంది. ఫ్రాన్స్ చరిత్రలో విప్లవాలకు దొరికినంత పేరు ఈ చట్టానికి దొరకలేదు గానీ, పల్లె ముఖం మార్చడంలో ఇది వాటికేం తీసిపోదు. ఊరిదారుల పోషణ ప్రతి కమ్యూన్‌కూ తప్పనిసరి అయింది. డబ్బు చాలకపోతే పన్ను కట్టే ప్రతి ఇంటి నుంచి 18 నుంచి 60 ఏళ్ల మధ్య మగవాళ్లు ఏడాదికి మూడు రోజుల వరకు పని చేయాలి. బండికి, కాడి పశువుకు కూడా లెక్క ఉంది. పని చేయలేనివాళ్లు డబ్బు కట్టవచ్చు. పాత వెట్టికీ దీనికీ తేడా ఏమిటంటే, రోజులకు హద్దు ఉంది, పైగా వేసుకుంటున్నది తన చేనికీ సంతకూ మధ్య దారి. పర్యవేక్షణకు, డిపార్ట్‌మెంట్లలో ప్రభుత్వ ప్రతినిధులైన ప్రిఫెక్టులు రహదారి ఉద్యోగులను నియమించారు. తీరిక రోజుల్లో ఊరివాళ్లు కంకర కొట్టి, పరిచి, దశాబ్దాల తరబడి ఆ వల అల్లారు. 1868లో ఇంకో చట్టం ఈ దారుల కోసం ప్రత్యేకంగా అప్పులిచ్చే నిధి పెట్టింది. మరపట్టే చోటికి, చర్చికి, సంతకు, 1880ల నుంచి మంత్రి జూల్ ఫెరీ తెచ్చిన ప్రభుత్వ బడికి, ఆ తర్వాత రైలు స్టేషనుకు – ప్రతిదానికీ ఒక దారి. పటంలో తెల్లగీతలు ఒక లెక్కాపత్రం లేకుండా మెలికలు తిరిగినట్టు కనిపిస్తాయి. నిజానికి ఒక్కో మెలిక వెనక ఒక అవసరం ఉంది, కొన్నిసార్లు తన పొలంలోంచి దారి పోనివ్వని ఒక మొండి రైతు ఉంటాడని నా అనుమానం.

అయితే రోడ్డు రెండువైపులా పనిచేస్తుంది. సరుకు వచ్చిన దారిలోనే మనిషి వెళ్లిపోతాడు. క్రూజ్ డిపార్ట్‌మెంట్ చూడండి. మధ్య ఫ్రాన్స్‌లో నల్లరాతి ఊళ్లు, చెస్ట్‌నట్ చెట్లు, పలచటి నేల. అక్కడి తాపీమేస్త్రీలు ఏటా వసంతంలో పారిస్ వెళ్లి గోడలు కట్టి శీతాకాలానికి తిరిగి వచ్చేవాళ్లు. వాళ్లలో ఒకడు మార్తాఁ నాదో. 1830లో పద్నాలుగేళ్ల వయసులో తండ్రి వెంట పారిస్ బయల్దేరాడు, తర్వాత పార్లమెంటు సభ్యుడయ్యాడు, ఆ వలస బతుకును పుస్తకంగా రాశాడు. ప్రిఫెక్టు ఓస్మాన్ కొత్త పారిస్ కడుతున్నప్పుడు పని ఏడాది పొడవునా దొరికింది, రైలు వచ్చింది, శీతాకాలం తిరిగి రావడం మానేశారు. 1851లో క్రూజ్ జనాభా 2.87 లక్షలు. ఇప్పుడు 1.15 లక్షల దగ్గర ఉంది. దక్షిణాన లొజేర్ అప్పటి లక్షా నలభై వేల నుంచి 76 వేలకు వచ్చింది. మొత్తం ఫ్రాన్స్ ప్రధాన భూభాగంలో అంతకంటే తక్కువమంది ఉన్న డిపార్ట్‌మెంట్ లేదు. మొదటి ప్రపంచయుద్ధం 13 లక్షల పైగా సైనికులను తీసుకుపోయింది. ఇంచుమించు ప్రతి కమ్యూన్‌లోనూ మృతవీరుల స్తంభం ఉంటుంది. సైకిలు ఆపి నీళ్లు తాగుతూ దాని మీద పేర్లు లెక్కపెడితే, ఆ ఊళ్లో ఇప్పుడున్న యువకుల కంటే అవే ఎక్కువని అర్థమవుతుంది. 1931 జనగణనలో తొలిసారి పట్టణ జనాభా పల్లె జనాభాను దాటింది.

సైకిలు ఈ కథలోకి మధ్యలో ప్రవేశించింది, అదీ పట్నం నుంచి. 1860లలో పారిస్‌లో పియెర్ మిషో కార్ఖానా ముందు చక్రానికి పెడళ్లు బిగించిన వెలోసిపీడ్లు అమ్మింది. 1869 నవంబర్ 7న పారిస్ నుంచి రువాన్ దాకా 123 కిలోమీటర్ల పందెం జరిగితే, గెలిచిన జేమ్స్ మూర్‌కు పది గంటల పైన పట్టింది. చురుగ్గా నడిచే మనిషి వేగానికి రెట్టింపు కూడా లేదు. గాలి టైరు వచ్చాకే రోడ్డు మీద సైకిలుకు విలువ వచ్చింది. 1888లో డన్‌లప్, 1891లో సులువుగా విప్పి బిగించగల మిషెలిన్ టైరు. ఆ ఏడాదే ‘ల పెటీ జూర్నాల్’ పత్రిక నడిపిన పారిస్–బ్రెస్ట్–పారిస్ పందెంలో షార్ల్ తెరోఁ మిషెలిన్ టైర్ల మీద దాదాపు 1,200 కిలోమీటర్లు 71 గంటల 22 నిమిషాల్లో తిరిగొచ్చాడు. దార్లో నిద్ర లేదు.

1890లో సైకిలువాళ్లే టూరింగ్ క్లబ్ ద ఫ్రాన్స్ పెట్టుకున్నారు. దారి బోర్డులు నాటడం, కొండకొమ్ముల మీద దిక్కులు చూపే బల్లలు పెట్టించడం, హోటళ్లలో గదులు శుభ్రంగా ఉంచమని వెంటపడడం దాని పనులు. సైకిళ్ల సంఖ్య ప్రభుత్వం కంట్లో పడింది. 1893లో పన్ను వేశారు; కట్టినట్టు రుజువుగా సైకిలుకు రేకుబిళ్ల తగిలించే పద్ధతి వచ్చి 1958 దాకా సాగింది. 1895 జులైలో పెళ్లాడిన పియెర్, మరీ క్యూరీలు కానుకగా వచ్చిన డబ్బుతో రెండు సైకిళ్లు కొని పల్లెల వెంట హనీమూనుకు వెళ్లారు. ఆడవాళ్లు ప్యాంటు తొడుక్కోవడం నిషేధంగా ఉన్న రోజుల్లో, 1892, 1909 ఉత్తర్వులు గుర్రపు కళ్లెమో సైకిలు హ్యాండిలో చేతిలో ఉంటే పర్వాలేదన్నాయి. 1914 నాటికి పన్ను కట్టిన సైకిళ్లు సుమారు 35 లక్షలు.

ఇక ఒక పట్టు వ్యాపారి సంగతి. పాల్ ద వివీ 1853లో ప్రొవాన్స్‌లోని పెర్న్-లె-ఫోంతెన్‌లో పుట్టి సేంతెతియెన్‌లో పట్టు వ్యాపారం చేశాడు. సైకిలు పిచ్చి ముదిరి వ్యాపారం వదిలి, 1887లో ‘ల సిక్లిస్త్’ పత్రిక మొదలుపెట్టి ‘వెలోసియో’ కలం పేరుతో రాశాడు. శాకాహారి. రాత్రంతా తొక్కి తెల్లవారేసరికి ప్రొవాన్స్ ఎండలో తేలడం ఆయనకు మామూలు. సేంతెతియెన్ చుట్టూ అన్నీ కొండలే. ఊరికి ఆనుకుని 1,161 మీటర్ల ఎత్తున రెపబ్లిక్ కనుమ. ఒకే గేరున్న సైకిలుతో ఆ దారులు ఎక్కడం కుర్రాళ్లకు సాధ్యమేమోగానీ నడివయసువాడికి కాదు. రకరకాల గేర్లు బిగించి తానే తొక్కి చూసి, ఫలితాలు పత్రికలో రాసి, ఫ్రెంచి సైకిలు మేస్త్రీలను గొలుసు మార్చే డెరైలర్ వైపు నెట్టింది ఆయనే.

1903లో టూర్ ద ఫ్రాన్స్ మొదలుపెట్టిన హెన్రీ దెగ్రాంజ్‌కు ఈ గేర్లంటే గిట్టదు. కండబలమే గెలవాలని ఆయన పట్టుదల. ఆయన పందెంలో డెరైలర్‌కు అనుమతి దొరికింది 1937లో. ప్రపంచమంతా చూసే ఆ పందెం దారి ఒకటి, ఎవరూ చూడని వెలోసియో దారి ఒకటి. నన్నడిగితే పల్లెదారుల చరిత్రలో రెండోదే పెద్దది. తెల్లగీతలు వేసిన రైతులు వాలు చూసుకోలేదు; ఎద్దులు లాగగలిగితే చాలనుకున్నారు. నూటికి పది, పన్నెండు చొప్పున నిలువుగా ఎక్కే అలాంటి దారులు మామూలు మనిషికి తెరుచుకున్నది చిన్న గేరుతోనే. 1922 నుంచి ఏటా రెపబ్లిక్ కనుమ దగ్గర వెలోసియో దినం జరుపుతున్నారు. ఆయన 1930లో సేంతెతియెన్ వీధిలో సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటబోయి ట్రాము కింద పడి పోయాడు. కొండకనుమలన్నీ క్షేమంగా దాటినవాడిని పట్నం బలిగొంది.

దారులకు దుమ్ము పెద్ద బెడదగా ఉండేది. 1902లో మొనాకోలో గుల్యెల్మినెట్టి అనే డాక్టరు రోడ్డు మీద తారు పోయించి చూపించాడు. జనం ఆయన్ను డాక్టర్ తారు అని పిలిచారు. 1910లో మిషెలిన్ సెంటీమీటరుకు 2 కిలోమీటర్ల లెక్కన రోడ్ల పటాలు వేయడం మొదలుపెట్టింది. ఉద్దేశం కార్ల టైర్లు అరగాలనే. కానీ చూడముచ్చటైన దారుల అంచున ఆకుపచ్చ గీత, ఎగువలకు బాణపు గుర్తులు ఉన్న ఆ పటాలను ఎక్కువ ప్రేమగా వాడుకున్నది సైకిలువాళ్లు. బాణం మొన ఎగువ దిక్కుకా, దిగువ దిక్కుకా అన్న చర్చ మీద దంపతులు పోట్లాడుకున్న సందర్భాలు ఉండే ఉంటాయి.

1936 వేసవి వేరే కథ. వామపక్షాల కూటమి అయిన పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వం జూన్ 20న చట్టం చేసి కార్మికులకు ఏడాదికి రెండు వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. విరామ వ్యవహారాలు చూసిన లెయో లాగ్రాంజ్ రైలు ఛార్జీలో 40 శాతం తగ్గింపు టికెట్ తెప్పించాడు. మార్క్ సాన్యే 1929లో పారిస్‌కు దక్షిణాన బియెర్విల్‌లో తెరిచిన మొదటి యూత్ హాస్టల్ తర్వాత దేశమంతా అలాంటివి వెలిశాయి. జంటసైకిళ్ల మీద భార్యాభర్తలు, వెనక గుడారం మూట. ఈ సెలవుల ఫోటోల గురించి రాసేవాళ్లు సముద్రం చూసిన తొలి కార్మికుల గురించి రాస్తారు. నాకు ముఖ్యంగా తోచేది మరొకటి: ఆ సైకిళ్ల మీద ఉన్నవాళ్లలో చాలామంది పల్లె వదిలిన కుటుంబాల రెండో తరం, మూడో తరం. తాతలు కంకర కొట్టిన దారుల్లోకి మనవలు విహారానికి వచ్చారు.

యుద్ధం వచ్చింది. పెట్రోలు జర్మన్ సైన్యానికి పోయింది. విహారం పోయి, పల్లెలో దొరికే గుడ్లకోసం, బంగాళాదుంపల కోసం పట్నంవాళ్లు సైకిళ్ల మీద తిరిగారు. 1941 వేసవిలో తత్వవేత్తలు సార్త్ర్, సిమోన్ ద బొవార్ జర్మన్ల పట్టులో లేని దక్షిణ భాగంలోకి సైకిళ్ల మీద వెళ్లారు, ప్రతిఘటన బృందం కట్టడానికి రచయితలు జీద్‌నూ మాల్రోనూ కలిశారు. ఆ రచయితలిద్దరూ కలిసి రాలేదు. ప్రయాణం మాత్రం బొవార్‌కు బాగా నచ్చింది.

1950, 60, 70లు మూడు మార్పులను ఒకే చోటికి తెచ్చాయి. ఒకటి, పల్లె ఇంకా వేగంగా ఖాళీ అయింది. జాన్-ఫ్రాన్స్వా గ్రావియే 1947లోనే పారిస్ తప్ప దేశమంతా ఎడారి అవుతోందని పుస్తకం రాశాడు. రెండు, మిగిలిన కొద్దిమంది కోసం కంకర దారులకు తారు పడింది. రోజూ పాలు ఎత్తుకెళ్లే లారీ, బడిపిల్లల బస్సు తిరగాలి గదా. మూడు, దూరప్రయాణపు కార్లను మోటార్‌వేలు లాగేసుకున్నాయి. 1971 డిసెంబరు చట్టంతో 50 వేల పైగా కిలోమీటర్ల జాతీయ రహదారులు డిపార్ట్‌మెంట్లకు బదిలీ అయ్యాయి. ఒకప్పుడు లారీలతో కిక్కిరిసిన ఎర్రగీతల్లో కొన్ని ఇప్పుడు పసుపుగీతలు. తారు, ఖాళీ, పోటీ లేకపోవడం – మూడూ కలిసి ఇప్పటి నిశ్శబ్దం తయారైంది. అందులో సైకిలువాడి కోసం ఎవరూ ఏదీ చేయలేదు.

వాడు మాత్రం చల్లగా అనుభవించాడు. 1972లో నూరు కనుమల క్లబ్ పుట్టింది. నూరు కొండకనుమలు, వాటిలో అయిదు 2,000 మీటర్ల పైవి, తొక్కిన జాబితా పంపితే సభ్యత్వం. సైకిలు పర్యాటక సమాఖ్య ప్రతి డిపార్ట్‌మెంట్‌లో ఆరు చోట్లు ఎంచి, అక్కడి అంగడిలోనో కాఫీ హోటల్లోనో ముద్ర వేయించుకుని రమ్మంటుంది. చాలామందికి జీవితమంతా పడుతుంది. ఒక చిక్కు ఏమిటంటే ముద్ర వేసే కొట్టే మూతపడుతోంది. 1960లో దేశంలో దాదాపు 2 లక్షల కెఫేలు ఉండేవంటారు. ఇప్పుడు 40 వేల దగ్గర. ఆదివారం మధ్యాహ్నం క్రూజ్‌లో బ్రెడ్డు దొరకదు. నీళ్లు కావాలంటే శ్మశానానికి పోవాలి. పూలకుండీలకు నీళ్లు పోయడానికి అక్కడ కుళాయి ఉంటుంది. తాగేందుకు పనికిరాదన్న బోర్డు లేకపోతే సీసా నింపుకోవచ్చు. అనుభవజ్ఞులు ఊళ్లోకి రాగానే చర్చి గోపురం చూసి శ్మశానం ఎటో పోల్చుకుంటారు.

సైకిలు కోసమే దారి కట్టాలన్న ఆలోచన ఆలస్యంగా వచ్చింది, అదీ మరో పాత పథకపు శిథిలాల మీద. 1879లో ఫ్రెసినే అనే మంత్రి మారుమూలలకూ రైలు వేయిస్తానని 8 వేల పైగా కిలోమీటర్ల పథకం పెట్టాడు. 20వ శతాబ్దంలో ఆ చిన్న లైన్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. బర్గండీలో జివ్రీ–క్లూనీ మధ్య 44 కిలోమీటర్ల పాత రైలుకట్టను 1997లో సైకిళ్లకు, నడిచేవాళ్లకు ఇచ్చారు. దేశంలో తొలి ‘హరిత మార్గం’ అదే. 2004లో ట్రాఫిక్ నియమావళిలో దానికి చోటు దొరికింది. ఆ తర్వాత వరుస కట్టాయి: లువార్ నది వెంట 900 కిలోమీటర్ల దారి, బ్రెతాన్య నుంచి స్పెయిన్ సరిహద్దు దాకా 1,200 కిలోమీటర్ల వెలోదిసే, రోన్ నది వెంట వియారోనా, 17వ శతాబ్దపు మిదీ కాలువ గట్టు. లువార్ దారి మంచి ఉదాహరణ. కొత్తగా కట్టింది కొంతే; ఎక్కువ భాగం నది పక్క ఊళ్ల పాత చిన్నదారులకు గుర్తులు పెట్టి కలిపేశారు. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

పిల్లలతో వెళ్లేవాళ్లకు హరిత మార్గాలు వరం. కానీ రైలుకట్ట వాలు ఎరుగదు, ఊరి మధ్యకు పోదు. స్టేషన్లు ఊరి బయట ఉండేవి కదా. చెట్ల సొరంగంలో నలభై కిలోమీటర్లు తొక్కితే చెట్లే చూసినట్టు. నా ఓటు తెల్లగీతకే: ఎక్కువగా ఎక్కిస్తుంది, కానీ చర్చి ముందు, బావి పక్క, పెంటకుప్ప వాసన మీదుగా తీసుకుపోతుంది. ఫ్రాన్స్ గతాన్ని తవ్విన ఇంగ్లండు చరిత్రకారుడు గ్రాహమ్ రాబ్ తన పుస్తకం కోసం 14 వేల మైళ్లు సైకిలు మీద తిరగడం ఊరికే కాదు. 19వ శతాబ్దపు పల్లె వేగం ఆ వాహనానికే అందుతుంది.

తెలుగువాళ్లకు ఈ దారులు ఇప్పుడు మరీ పరాయివి కావు. 1904లో పుట్టిన ఓడాక్స్ క్లబ్ పారిజియెన్ 200, 300, 400, 600 కిలోమీటర్ల ‘బ్రెవే’ ప్రయాణాలను ప్రపంచమంతటా ధ్రువీకరిస్తుంది. హైదరాబాద్‌లో తెల్లవారుజామున బయల్దేరి 13 గంటల 30 నిమిషాల్లో 200 కిలోమీటర్లు పూర్తిచేసి, టీకొట్టు దగ్గర కార్డు మీద ముద్ర వేయించుకునే ఉద్యోగి పేరు చివరికి పారిస్ క్లబ్ జాబితాకే చేరుతుంది. ఆ నాలుగు దూరాలూ ప్రయాణం జరిగే ఏడాదిలోనే పూర్తిచేస్తే, నాలుగేళ్లకోసారి జరిగే పారిస్–బ్రెస్ట్–పారిస్‌కు అర్హత. 2019లోనూ, 2023లోనూ భారత్ నుంచి వందలమంది వెళ్లారు. ఇప్పుడది పందెం కాదు. 90 గంటల గడువు. బ్రెతాన్య ఊళ్లలో అర్ధరాత్రి ఇంటి ముందు బల్ల వేసి కాఫీ, నీళ్లు, దోసెల్లాంటి క్రెప్‌లు ఇచ్చే ముసలివాళ్ల గురించి వెళ్లొచ్చినవాళ్లు కనుమల కంటే ఎక్కువ చెబుతారు. నాలుగేళ్లకోసారి ఆ ఊరిదారి కిక్కిరిసే రాత్రులు అవి.

నిశ్శబ్దానికి కొత్త లెక్కలు మొదలయ్యాయి. ఇంటికి సరుకు తెచ్చే వ్యాన్లు తెల్లగీతలు కూడా ఎక్కుతున్నాయి. కార్లలోని ఫోన్లు రద్దీ తప్పించడానికి చిన్నదారులు చూపిస్తున్నాయి. 2018 జులై 1 నుంచి మధ్య డివైడరు లేని రోడ్లపై వేగ పరిమితిని 90 నుంచి 80కి తగ్గించారు. దాని మీద జనం కోపం కూడా అదే నవంబరులో పసుపు చొక్కాల ఉద్యమంలో కలిసింది. 2019 చివర చేసిన చట్టం నిర్ణయాన్ని డిపార్ట్‌మెంట్లకు వదిలేసింది. ఓత్-మార్న్, కాంతాల్ లాంటి జనం పలచటి ప్రాంతాలే ముందుగా 90కి వెళ్లాయి. అక్కడ కారు లేకుండా డాక్టరు దగ్గరకు కూడా పోలేరు, వాళ్ల వాదనలో న్యాయముంది. ఊరి బయట సైకిలును దాటేటప్పుడు మీటరున్నర దూరం వదలాలన్న నియమం మాత్రం అన్నిచోట్లా ఒకటే. కాబట్టి దారి ఎంచుకునేటప్పుడు ఎగువ ఎంతో చూసుకున్నాక, ఆ డిపార్ట్‌మెంట్‌లో పరిమితి 80ఓ 90ఓ కూడా కనుక్కోవాలి. మిషెలిన్ పటంలో బాణాలు ఎగువ సంగతే చెబుతాయి.